గట్టి పిండం

"మా కోడలిది గట్టి పిండం. దేన్నైనా తట్టుకుంటుంది" అని అత్తగారు పక్కింటావిడతో చెబుతోంది. ఆ మాట వింటూనే కోడలు పెరట్లో తడి దుప్పటిని ఒంటిచేత్తో పిండుతోంది. కుడి భుజం ఎముక విరిగి మూడు నెలలు. ఆసుపత్రి లాండ్రీలో, తడినేల మీద, పని చేస్తూ జారిపడింది. కట్టు విప్పిన మర్నాటి నుంచే ఇల్లూ, లాండ్రీ పనీ మళ్లీ ఆమె నెత్తినెక్కాయి.

మొగుడు రోజూ పొద్దున్నే ఫోన్లోంచి మంచిమాటలు చదివి వినిపిస్తాడు. "నవ్వుతూ ఉండు, కష్టం అదే పారిపోతుంది." ఆయనకి కాలి గోరు చితికినప్పుడు మూడు రోజులు మంచం దిగలేదు, నవ్వనూ లేదు. ఎద్దు పుండు కాకికి ముద్దా! లాండ్రీలో సూపర్‌వైజరు ఇంకో మెట్టు పైన. "నిన్ను చూసి అందరూ ధైర్యం నేర్చుకోవాలమ్మా" అంటూనే తడి దుప్పట్ల బండి ఆమె వైపు తోసేవాడు. పొగడ్త ఎటు నుంచి వచ్చినా దాని వెనకాలే ఒక బరువు వస్తుందని ఆమెకు ఎప్పుడో అర్థమైంది.

ఆసుపత్రిలో భుజానికి వ్యాయామం నేర్పే డాక్టరమ్మ మాత్రం ఒక్కసారీ పొగడలేదు. "గోడ మీద వేళ్లు పైకి పాకించు. నొప్పి పుట్టిన చోట ఆగకు, భరించలేని చోట ఆగు" అంది. ఆ రెండూ వేరువేరు చోట్లని నలభై రెండేళ్లలో ఆమెకెవరూ చెప్పలేదు. భోజనాల వేళ లాండ్రీ వెనక గోడకు ఎదురుగా నిలబడి వేళ్లు పాకించేది. అందినంత ఎత్తున పెన్సిలుతో గీత. మూడో వారానికి గీత జానెడు పైకెక్కింది. ఆ రోజు ఒక్కతే నిలబడి నవ్వుకుంది, ఎవరూ చెప్పకుండానే.

తర్వాతి ఆదివారం ఇంట్లోవాళ్లు ఆమెచేత ఇల్లంతా కడిగించారు. సోమవారం వేళ్లు పాత గీతల దగ్గరే ఆగిపోయాయి. ఏడుపు వస్తుందనుకుంది. వచ్చింది కోపం. తను ఇంచీ ఇంచీ పోగుచేసుకున్నదాన్ని వీళ్లు తడిగుడ్డతో తుడిచేశారు. ఆ మధ్యాహ్నమే సూపర్‌వైజరుకు, బరువులు లాగొద్దని డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ చూపించి, బండి తోయనంది.

"ఇంత మొండితనం ఎప్పుడొచ్చింది నీకు?"

"విరిగినప్పుడు."

అతను చీటీ రెండుసార్లు చదివి, బండి వేరేవైపు తిప్పాడు.

మరుసటి ఆదివారం పొద్దున ఆడపడుచు కుటుంబం భోజనానికి వస్తామంది. "రండి రండి, మా ఆవిడ ఉక్కు మనిషి, చిటికెలో చేసేస్తుంది" అని ఫోన్లో మొగుడు. ఆమె వెళ్లి భోజనాల బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఈ పూట వంట మీరు చెయ్యండి. నేను ఉక్కూ కాదు, ఇనుమూ కాదు. నాకు నొప్పిగా ఉంది."

"వచ్చేవాళ్లేమనుకుంటారు?"

"ఏమనుకున్నా ఆకలితోనే అనుకుంటారు. తొందరగా మొదలెట్టండి."

ఆమె లేవదని తెలిశాక ఆయన వంటింట్లోకి నడిచాడు. గిన్నెలు దబదబా మోగాయి. అత్తగారు గుమ్మంలోంచి దూసుకొచ్చింది.

"ఏం చూసుకుని ఈ పొగరు? నా భుజం ముప్పై ఏళ్లుగా పైకి లేవదు. జడ వేసుకోలేక జుట్టు కత్తిరించుకున్నాను. ఎవరికైనా చెప్పానా? గట్టిదాన్నన్నారు, పడున్నాను!"

అనేశాక తనే ఉలిక్కిపడింది. కోడలు ఆవిడ కురచ జుట్టు వైపు చూసింది. ఇన్నేళ్లూ అది ఆవిడ ఇష్టమనుకుంది.

"ఇప్పుడు చెప్పారుగా, అత్తయ్యా" అంటూ ఎడమచేత్తో పక్క కుర్చీ జరిపింది.

అత్తగారు కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది.

"అమ్మా, ఉప్పెక్కడుంది?" వంటింట్లోంచి కొడుకు కేక.

ఎక్కడుందో ఇద్దరికీ తెలుసు. ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు.