వేలికి తిరిగే స్క్రూ

బెన్ని చొక్కాని సూసన్ నేరుగా నీళ్ళలో వేయదు. ముందు వాకిట్లోకి తీసుకెళ్ళి దులుపుతుంది. కాలరు కింద, జేబు మడతల్లో ఇరుక్కున్న ఇనప రజనుని గోటితో ఏరుతుంది. ఏరకుండా నానబెడితే తెల్లారేసరికి చొక్కా నిండా తుప్పు మరకలు. ఒకసారి అలాగే అయింది. "ఎండలో మాడే మగాడికి శుభ్రమైన చొక్కా కూడా కరువైపోయింది మా ఇంట్లో" అని అత్త జయమణి చర్చి మెట్ల దగ్గర అందరికీ వినబడేలా చెప్పింది. అదే రజను సూసన్ జుట్టులోనూ ఉంటుంది, చున్నీ అంచులోనూ ఉంటుంది. దాన్ని ఏరేవాళ్ళు లేరు. ఈ పొద్దున కూడా, "ఒక్క చొక్కాకి ఇంతసేపా అమ్మాయ్? పిల్లోడి బాక్సు ఎవరు కడతారు?" అని వంటింట్లోంచి కేకొచ్చింది. బాక్సు ఎప్పుడో కట్టి గుమ్మం దగ్గర పెట్టింది సూసన్.

బెన్ని జగ్గయ్యపేటలో చాలా ఏళ్ళు వెల్డింగు చేశాడు. గేట్లు, కిటికీ గ్రిల్లులు. ఈ మధ్య మేడల మీద స్టీలు చట్రాల గదులు కడుతున్నాడు. రేకులాంటి సన్న స్టీలుని మడిచి చేసిన నిలువు కమ్మీలు, వాటిని కలపడానికి స్క్రూలు, పైన సిమెంటు బోర్డులు. అంత పల్చటి స్టీలుకి వెల్డింగు పెడితే కాలి చిల్లు పడుతుంది కాబట్టి అంతా స్క్రూల మీదే నిలబడాలి. కూలికి మనిషి దొరకని ఒక రోజు సూసన్‌ని బండెక్కించుకున్నాడు. ఆ తర్వాత మనిషిని వెతకడమే మానేశాడు. ఎవరైనా అడిగితే, "మా ఇంటామేనండి. ఇంట్లో ఊరికే ఉంటదని తోడు తెచ్చుకున్నా" అంటాడు. చీకటితో లేచి రెండు పూటలకీ వండి, సిమెంటు లారీల దుమ్ములో హైవే మీద బండి వెనక కూర్చుని వచ్చి, సాయంత్రం దాకా బోర్డులు మోసి, నేల మీద రజను ఊడ్చి, ఇంటికెళ్ళి మళ్ళీ పొయ్యి వెలిగించడం. ఊరికే.

చందర్లపాడు బళ్ళో పదో తరగతి చదివేటప్పుడు కూడా ఆమె తక్కువ మాట్లాడేది, ఎక్కువ చూసేది. ఇక్కడా అలాగే చూసి నేర్చుకుంది. స్క్రూ స్టీలుని తొలుచుకుంటూ దిగేటప్పుడు డ్రిల్లు సన్నగా ఏడుస్తుంది. స్క్రూ తల రేకుని తాకగానే ఆ గొంతు బరువెక్కుతుంది. అక్కడ వేలు తీసేయాలి. తియ్యకుండా ఇంకా నొక్కితే సన్న స్టీలులో మర అరిగిపోతుంది. స్క్రూ చూడ్డానికి అక్కడే ఉంటుంది గానీ దేన్నీ పట్టుకోదు. బెన్నిది వెల్డింగు చెయ్యి. ఎంత కాలిస్తే అంత గట్టి అని నమ్మిన చెయ్యి. కీచుమనేదాకా బిగించి, ఆ కీచు విన్నాకే తృప్తి పడతాడు. అతను ఫోను మాట్లాడ్డానికి పక్కకెళ్ళినప్పుడు సూసన్ వేలితో స్క్రూలు తిప్పి చూసేది. తిరిగినవాటి పక్కన, కాస్త ఎడంగా, కొత్త చోట ఇంకో స్క్రూ వేసేది. అలా ఎన్ని గదుల్ని కాపాడిందో బెన్నికి తెలియదు. తెలియకుండా ఉంటేనే ఇల్లు ప్రశాంతంగా ఉంటుందనుకుంది.

నిన్న నందిగామలో తెలిసిపోయింది. భారతీదేవి గారి మేడ మీద, వాళ్ళమ్మాయి అక్షయ చదువుకోడానికి కడుతున్న గది. గది మూలని శ్లాబుకి పట్టి ఉంచే బ్రాకెట్ దగ్గర సూసన్ డ్రిల్లుతో కూర్చుని ఉండగా బెన్ని చూశాడు.

"ఏంటిది?"

"ఇవి తిరుగుతున్నాయండీ. మీరొకసారి..."

"ఈ మధ్య స్క్రూల కన్నా నీ నోరే ఎక్కువ తిరుగుతోంది. నా పనికి వంకలు పెట్టేదానివయ్యావా?" ఆమె వేసిన కొత్త స్క్రూలు ఊడదీశాడు. "రేపట్నించి డ్రిల్లు ముట్టుకోకు. బోర్డు పట్టుకో, చాలు."

రాత్రి భోజనాల దగ్గర జయమణి విషయం విని, "చెయ్యి తోడిమ్మంటే మేస్త్రీ అయిపోద్దా ఏంటి" అని నవ్వింది. సూసన్ అందరి కంచాలూ తీసింది.

ఇవాళ ఆ మూల బోర్డుతో మూసేస్తే ఇక ఎవరికీ ఏమీ కనబడదు. పోయిన వేసవిలో ఈదురుగాలికి ఈ వీధిలోనే ఒక షెడ్డు పైకప్పు లేచి పక్క మేడ మీద పడింది. ఆ సంగతి సూసన్‌కి గుర్తుంది. అక్షయ అప్పుడే పుస్తకాలు చంకలో పెట్టుకుని వచ్చేసింది. "ఆంటీ, నా మంచం ఈ మూలకే" అని ఆ బ్రాకెట్ పక్కనే నిలబడింది.

"గట్టిదేనా బెన్నీ? గాలొస్తే ఊగదుగా? పిల్ల ఒక్కతే పడుకునేది" అంది భారతీదేవి.

"ఏనుగొచ్చి ఒళ్ళు రుద్దుకున్నా కదలదండి, అమ్మగారూ."

"మీ ఆవిడ ఏమంటది?"

"ఆమెకేం తెలుసండి. ఊరికే వస్తది తోడు." బెన్ని డ్రిల్లు అందుకున్నాడు. "బోర్డు ఎత్తు, సూసన్."

సూసన్ బోర్డు ఎత్తింది. బరువు అరచేతుల్లోకి దిగింది. ఇన్నాళ్ళూ తను చాటుగా వేసిన స్క్రూలన్నీ ఆమెకి ఒక్కసారి గుర్తొచ్చాయి. అవి గదుల్ని నిలబెట్టాయి, నిజమే. వాటితో పాటు 'ఊరికే' అన్న మాటని కూడా నిలబెట్టాయి. ఇప్పుడు చాటుగా చేయడానికి చేతిలో డ్రిల్లు లేదు. ఉన్నది నోరే. ఇంటికెళ్ళాక ఏం వినాలో తెలుసు. పదిమందిలో పరువు తీసిందంటాడు. జయమణి పాస్టరు గారిని పిలిపిస్తుంది. కానీ ఈ బోర్డు పెట్టాక, గాలి వీచే ప్రతి రాత్రీ జగ్గయ్యపేటలో మేలుకుని ఉండేది తనే.

బోర్డుని పిట్టగోడకి ఆనించింది.

"అక్షయా, ఇటు రామ్మా. ఈ స్క్రూ మీద వేలు పెట్టి తిప్పు."

అక్షయ వంగి తిప్పింది. స్క్రూ తిరిగింది. దాని పక్కది కూడా తిరిగింది. పిల్ల తలెత్తి వాళ్ళమ్మ వైపు చూసింది. భారతీదేవి బెన్ని వైపు చూసింది. బెన్ని తన చేతిలోని డ్రిల్లు వైపు చూశాడు.

సూసన్ అతని చేతిలోంచి దాన్ని మెల్లగా తీసుకుంది.

"ఈ మూల నేను చేస్తానండి, అమ్మగారూ" అంది. "ఆయన బోర్డు పట్టుకుంటారు."