కిటికీ పక్క మంచం పరాయివాడు

మా దీవి ఆసుపత్రి మగాళ్ళ వార్డులో రోగి ఒళ్ళు తుడవబోయే ముందు నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయో లేదో చూసుకోవడం రెండో పని. మొదటి పని వంశం అడగడం. మీ నాన్న ఎవరు, అమ్మది ఏ ఊరు, తాతది ఏ దీవి. మా తొంగా దీవుల వాళ్ళలో ఈడొచ్చాక అన్నాచెల్లెళ్ళు ఒక గదిలో కూర్చోరు, ఒకరి ముందు ఒకరు వేళాకోళం మాట్లాడరు, ఒకరి పడక వైపు ఒకరు కన్నెత్తి చూడరు. ఇక ఒళ్ళు ముట్టుకోవడం గురించి చెప్పేదేముంది. పెదనాన్న కొడుకైనా, మేనమామ కొడుకైనా మాకు అన్నే. ఇంత చిన్న చోట ఎవడు ఎవరికి అన్న కాడో తేలేసరికి గిన్నెలో నీళ్ళు చల్లారిపోతాయి.

అన్న అని తేలితే ఆ మంచం ఇంకొకరికి ఇచ్చి వాళ్ళ మంచం మనం తీసుకుంటాం. ఎవరూ ఏమీ అనుకోరు.

నేనప్పుడు నర్సుల కింద పనిచేసే ఆయాని. బెడ్‌పాన్లు కడగడం, దుప్పట్లు మార్చడం, లేవలేని వాళ్ళకు ఒళ్ళు తుడిచి తిండి పెట్టడం నా పని. మిగతా వేళంతా రాజధానిలోని నర్సింగ్ స్కూల్లో సీటు కోసం చదువు. అంతకు ముందు ఏడాది రాసి తప్పాను. తప్పినందుకు కాదు గానీ, నాకంటే మొద్దు పిల్ల ఒకతి పాసయి తెల్ల గౌను వేసుకుని చర్చికి వచ్చినందుకు కడుపు మండిపోయింది. ఈసారి రాత పరీక్ష గట్టెక్కాను. ఇక మిగిలింది స్కూలు వాళ్ళు వార్డుకు వచ్చి, నేను ఒక రోగిని చూసుకునే తీరు దగ్గరుండి చూడడం. వార్డు పెద్ద సిస్టర్ కలోలైన్ నా తరఫున మాట ఇవ్వాలి.

ఆవిడ మాట సూది మొన. "ఇక్కడ మంచాలు మార్చుకుంటూ సర్దుకుపోతున్నారని స్కూల్లో కుదరదు ఫూసీ" అంది. "అక్కడ ఏ మంచం దగ్గరికి పొమ్మంటే ఆ మంచం దగ్గరికి పోవాలి. అన్నలూ తమ్ముళ్ళూ అని నసిగితే పెట్టె సర్దుకోమంటారు."

నాకిచ్చిన రోగి కిటికీ పక్క మంచం ఫెలేటి. ఉత్తరాన ఎక్కడో విసిరేసినట్టుండే నియువా దీవి నుంచి పడవలో తెచ్చారు. నలభై దాటిన మనిషి, తలుపంత వీపు. షుగరు జబ్బుతో ఎడమ పాదం పుండై కూర్చుంది. మోకాలి దాకా తీసేయాలేమోనని డాక్టరు అనుమానం. మొదటి రోజే వంశం అడిగాను. నాన్న పేరు, ఊరి పేరు చెప్పాడు, రెండూ నియువావే. మా వాళ్ళెవరూ అటు లేరు. అమ్మయ్య అనుకున్నాను.

మర్యాద ప్రకారం ఆయనా నన్ను అడిగాడు. మా నాన్న సెమిసి, దీవుల మధ్య సరుకుల పడవ నడిపేవాడు, పోయి చాలా కాలమైంది అన్నాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత, నీళ్ళు చల్లగా ఉన్నాయి, నన్ను చంపడానికి వచ్చావా అన్నాడు. ఇదెక్కడి గొడవ మనిషి దొరికాడురా అనుకున్నాను.

గొడవ మనిషే. కానీ నా జన్మలో అంత నవ్వలేదు. నేను పెట్టే టీ వాసన చూసి, దీంతో పడవ అడుగుకు రంగు వేయొచ్చు అనేవాడు. మీ పాదం కంటే నయమే అనేదాన్ని. మా వార్డులో ముసలాళ్ళు మా తిట్లు వినడానికి మంచాల మీద లేచి కూర్చునేవాళ్ళు. నా పుస్తకం పొట్ట మీద పెట్టుకుని ఎముకల పేర్లు అప్పజెప్పించుకునేవాడు. ఆయనకు ఇంగ్లీషు అంతంతమాత్రం, అందుకని బొమ్మ చూపించి, బాగున్న కాలు పైకెత్తి, ఇది చెప్పు అనేవాడు. తప్పు చెబితే, పోయి చేపలమ్ముకో అనేవాడు. మడమ నుంచి తుంటి దాకా ఒక్కో ఎముకా ఆ కాలు మీదే నేర్చుకున్నాను.

ఒళ్ళు తుడిచేటప్పుడు మాత్రం మా నాన్న గురించి అడిగేవాడు. ఎలా పాడేవాడు, కోపం వస్తే ఏం చేసేవాడు, ఎలా పోయాడు. నాకా, నాన్న మాటెత్తితే నోరు ఆగదు. ఒకరోజు ఆయన తలకు సబ్బు రాస్తూ నాన్న చివరి రోజులు చెప్పాను. ఆయన కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి. కళ్ళల్లో సబ్బు పడిందన్నాడు. తువ్వాలుతో తుడిచి, ఇంత మనిషివి, సబ్బుకు ఏడుస్తావా అని వెక్కిరించాను.

స్కూలు వాళ్ళు సోమవారం వస్తారనగా, ఆదివారం చర్చి అయ్యాక మా మేనత్త లెసియెలి నాకు తిండి తీసుకొచ్చింది. చేమాకుల్లో మాంసం కట్టి, కొబ్బరిపాలు పోసి, గుంత పొయ్యిలో కాల్చింది. మేనత్త అంటే మాకు ఇంటి మీద దొర. ఆమె కూర్చోమంటే కూర్చోవాలి, లేవమంటే లేవాలి. మా ఆచారం ప్రకారం చర్చి బట్టల మీద నడుముకు మంచి చాప చుట్టుకుని, విసనకర్ర ఊపుకుంటూ వార్డులో అడుగుపెట్టింది. నేను ఫెలేటి పాదం నా ఒళ్ళో పెట్టుకుని కట్టు విప్పుతున్నాను. ఆయన ఏదో అన్నాడు, నేను పగలబడి నవ్వుతున్నాను.

అత్త విసనకర్ర ఆగిపోయింది. ఆయన ముఖంలోకి చూసింది. ఆయన ముఖం తిప్పేసుకున్నాడు.

"ఆ కాలు వదిలి లేవవే" అంది నాతో. గొంతు పెంచలేదు. "వాడు నీ అన్న."

నాకు అర్థం కాలేదు. పెద్దదైపోయింది, ఎవరినో చూసి ఎవరో అనుకుంటోందనుకుని, ఈయనది నియువా అత్తా, నేను అడిగాను అన్నాను.

"నియువానే. మీ నాన్న పెళ్ళికి ముందు రెండేళ్ళు పడవ వేసుకుని తిరిగింది నియువా కాదా? వీడు చెప్పింది వీడి తల్లిని తర్వాత కట్టుకున్నవాడి పేరు. ఆ నుదురు చూడు. ఆ చెవులు చూడు. నా తమ్ముడి ముఖం నాకు తెలియదా?"

చూశాను. ఇన్నాళ్ళూ రోజూ సబ్బు రాసిన ముఖం. నాన్న చెవులే. కొయ్యబారిపోయాను. ఒళ్ళో ఆయన పాదం అలాగే ఉంది, దాన్ని కింద పెట్టాలో పట్టుకోవాలో తెలియలేదు. నా చేతులు ఆ ఒంటి మీద ఎక్కడెక్కడ తిరిగాయో ఒక్కసారిగా గుర్తొచ్చింది. మంచాల మీద ముసలాళ్ళు ఒక్కొక్కరే గోడ వైపు తిరిగి పడుకున్నారు. అదీ మర్యాదే.

సిస్టర్ కలోలైన్ వచ్చి పాదం అందుకుని, తెర లాగి నన్ను బయటికి పంపింది. వరండాలో అత్త చెప్పుకుపోతోంది. అమ్మకు తెలుసట. పాస్టరుకు తెలుసట. పిల్లలకెందుకులే అనుకున్నారట. ఊరంతటికీ తెలిసి నాకొక్కదానికే తెలియలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు, ఆ తిండేదో అక్కడ పెట్టి నోరు మూసుకుని పోయి ఉండొచ్చు కదా అని ఆమె మీద పట్టరాని కోపం వచ్చింది. మేనత్తను అలా అనుకోవడం కూడా మాలో పాపమే. అనుకున్నాను.

ఆమె వెళ్ళాక మళ్ళీ లోపలికి వెళ్ళి తెరకు ఇవతల నిలబడ్డాను.

"నీకు తెలుసా?" అన్నాను.

"మొదటి రోజే తెలిసింది. మీ నాన్న పేరు చెప్పావు కదా."

"తెలిసి కూడా నా చేత... సిగ్గు లేదా నీకు?"

"చెబితే ఏం చేసేదానివి?"

గిన్నె అక్కడే పడేసి పరిగెత్తేదాన్ని.

"నాకో చెల్లెలుందని ఎప్పుడో విన్నా" అన్నాడు తెర అవతల నుంచి. "అన్నననుకో, నువ్వు నా ఎదురుగా కూర్చోవు. నీ టీని నేను తిట్టలేను. మా నాన్న ఎలాంటివాడని అడగలేను. పరాయివాడైతే అడగొచ్చు. అందుకే పరాయివాడిలా పడున్నా. తప్పే. మనలో చెల్లెలంటే అన్నకు పైది, నీ పెద్దరికానికి మచ్చ తెచ్చా. ఇక ఇవతలికి రాకమ్మా. రేపు వాళ్ళకు ఇంకో మంచం చూపించు."

నాకు ఏడుపు రాలేదు. చెంప మీద గట్టిగా కొడితే ముందు చెవి గింగురుమంటుందే, అలా ఉంది.

సిస్టర్ కలోలైన్ తిట్టలేదు, ఓదార్చలేదు. ఇంకో రోగిని ఇస్తానంది. అయితే, ఇన్నాళ్ళూ చూసిన రోగిని ఎందుకు వదిలిందని వాళ్ళు అడుగుతారు, అడిగితే నిజమే చెబుతాను అంది. నిజం చెబితే నా సంగతి ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. వదలకపోతే ఊళ్ళో నా ముఖం ఎలా చెల్లుతుందో అదీ తెలుసు.

సీటు కావాలి నాకు. అది దాచుకోను. దాంతోపాటు ఇంకొకటి. ఆ పుండు నా చేతుల్లోనే కొత్త కండ పట్టి మానుతోంది, ఇంకెవరికో అప్పజెప్పి వాళ్ళు చెడగొడితే కాలు పోతుంది. పొద్దున సిస్టర్‌ను పంపించి, ఒళ్ళు తుడవడానికి వస్తాను, ఒప్పుకుంటాడేమో అడగమన్నాను. ఆవిడ వెళ్ళి వచ్చి, వెళ్ళు అంది.

నేను వెళ్ళేసరికి ఆయన ముఖం మీద తువ్వాలు కప్పుకుని, చేతులు రెండూ పక్కన పెట్టుకుని, శవంలా పడుకుని ఉన్నాడు.

స్కూలు నుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డారు. నేను మొదలుపెట్టాను. చేతులు, ఛాతీ, వీపు. తుడిచిన భాగం తుడిచినట్టే దుప్పటితో కప్పుతూ, నా కళ్ళు గుడ్డ మీద నుంచి పక్కకు పోకుండా. నిన్నటి దాకా నీళ్ళు చల్లన, చెయ్యి మోటు అని సణిగే మనిషి ఊపిరి కూడా వినపడనివ్వలేదు. పక్కకు తిప్పాల్సి వచ్చినప్పుడు నేను చెప్పకుండానే తిరిగాడు. పుండు కట్టు విప్పి, కడిగి, కొత్తది కట్టాను.

వాళ్ళలో పెద్దావిడ వంగి చూసింది. రోగి ముఖం ఎందుకు కప్పావమ్మా, ఊపిరి ఎలా ఆడుతోందో ముఖం చూస్తేనే కదా తెలిసేది అంది. నేను కట్టు కొస దోపుతూ తల వంచుకున్నాను. సిస్టర్ కలోలైన్ నా వైపే చూస్తోంది.

"నేనే కప్పుకున్నానండీ" అన్నాడు ఫెలేటి తువ్వాలు కింద నుంచి. "వెలుతురుకు కళ్ళు మండుతున్నాయి. ఈ పిల్ల చెయ్యి మంచిది. తీసుకుపోండి."

నాకు సీటు వచ్చింది. ఆయన కాలూ దక్కింది. చదువు ముగించుకుని నర్సునై ఇదే ఆసుపత్రికి వచ్చాను. ఆయన తిరిగి నియువా వెళ్ళలేదు, ఇక్కడే మా నాన్న పొలంలో గుడిసె వేసుకుని సాగు చేసుకుంటున్నాడు. ఆ తువ్వాలు కింద నుంచి వచ్చినవే నేను విన్న ఆయన ఆఖరి మాటలు.

దారిలో నేను ఎదురైతే టోపీ తీసి, తల వంచుకుని, అవతలి పక్కకు దాటుకుంటాడు. ఏటేటా తొలి పంట పెండలం దుంపలు, ఆ పొలంలో అన్నిటికంటే పొడుగైనవి, ఎవరి చేతో నా గుమ్మానికి పంపిస్తాడు. నా పెళ్ళి విందుకు వచ్చినవాటిలో అన్నిటికంటే పెద్ద పంది ఆయన పంపిందే. అన్నంటే అలా ఉండాలని ఊరంతా చెప్పుకుంటుంది, మా అత్త అయితే చర్చిలో పక్కవాళ్ళకు చూపించి మరీ చెబుతుంది. ఆమెకు దండం పెట్టి ఊరుకుంటాను.

దుంపలు వచ్చిన రోజు తొక్క తీసి, కొబ్బరిపాలు పోసి వండుతాను. నా వంట ఎప్పుడూ ఒకపక్క మాడుతుంది, ఒకపక్క పచ్చిగా ఉంటుంది. తింటూ కిటికీ వైపు చూస్తాను. ఆ పరాయివాడే ఉండి ఉంటే, వీటితో లంగరు వేయొచ్చు పిల్లా అని వార్డంతా వినపడేలా అరిచేవాడు.