పలకరాతి కాపడం

పిచ్చమ్మ పెనం మీద రాళ్ళు తిరగేస్తోంది, దోసెలు తిరగేసినంత శ్రద్ధగా. అరచేతికంటే కాస్త పెద్దవైన పలకరాతి ముక్కలవి. అంచులు అరగదీసి నున్నగా చేసినవి. ఒక్కోదాన్నీ పట్టకారుతో ఎత్తి, చెంప దగ్గరగా పెట్టుకుని సెగ చూసి, చాలదనుకుంటే మళ్ళీ పెనం మీద పడేస్తోంది. మార్కాపురంలో పలకల పని చేసి నడుము పట్టేసిన ఆడవాళ్ళందరికీ తెలిసిన వైద్యమే ఇది. దాన్ని ఫుట్‌బాల్ ఆటగాళ్ళ మోకాళ్ళ దాకా తెచ్చిన ఘనత మాత్రం పిచ్చమ్మది.

గది బయట బల్ల మీద ముగ్గురు మగవాళ్ళు ప్యాంట్లు మోకాళ్ళ పైకి మడుచుకుని, బడిలో సూది మందుకోసం వరస కట్టిన పిల్లల్లా కూర్చుని ఉన్నారు. ముగ్గురూ ఒకప్పుడు మిషన్ బడి మైదానంలో ఆట నేర్చి, పెద్ద ఊళ్ళకు పోయి, జీతానికి బంతి ఆడినవాళ్ళే. గిద్యోను గోల్‌కీపరు. చేతివేళ్ళు ఒక్కోటీ ఒక్కో దిక్కు చూస్తుంటాయి. నాగులు పక్కన పరిగెత్తి బంతి అందించేవాడు, ఇప్పుడు గొర్రెల వెనక పరిగెత్తుతున్నాడు. మూడోవాడు సుందరరాజు. కలకత్తాలో ఏళ్ళ తరబడి గోలు ముందు గోడలా నిలబడ్డవాడు. మనిషి ఇప్పటికీ గోడలాగే ఉంటాడు, కాకపోతే ఒక పక్కకు ఒరిగిన గోడ.

పిచ్చమ్మ కాగిన రాయిని పాత ఫుట్‌బాల్ మేజోడులోకి జారవిడిచి, సుందరరాజు మోకాలికి చుట్టి ముడి వేసింది. ఆ పచ్చచారల మేజోడు అతను ఆడిన రోజులది. దాన్ని ఉతకడానికి కూడా ఎవరికీ ఇవ్వడు. అతను కళ్ళు మూసుకుని హాయిగా నిట్టూర్చి, అంతలోనే ఏదో గుర్తొచ్చినట్టు మొహం ముడుచుకున్నాడు.

"ఇయ్యాల మరీ ఎక్కువగా ఉంది వదినా నొప్పి" అన్నాడు.

గిద్యోను, నాగులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సాయంత్రం సుందరరాజు పెద్దదోర్నాల బస్సెక్కాలి. అక్కడి ఆడపిల్లల హాస్టలును నడిపే సరస్వతమ్మ పిల్లలకు ఆట నేర్పడానికి అతన్ని రమ్మంది. ఉండడానికి గది, వేళకు తిండి, నెలనెలా జీతం. ఇంతకుముందు కూడా అతను బయలుదేరాడు. ఒకసారి జ్వరం వచ్చింది. ఇంకోసారి బస్టాండులో టీ తాగుతూ బస్సును సాగనంపి వచ్చాడు. ఇవాళ కూడా రాకపోతే వేరేవాళ్ళను చూసుకుంటానని సరస్వతమ్మ ఖండితంగా చెప్పేసింది.

పిచ్చమ్మ లేచింది. లేస్తూ గుమ్మం పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. "నీ మోకాళ్ళ సంగతేంది వదినా?" అని నాగులు అడిగితే, "నేనేమన్నా బంతి ఆడినానా ఏంది, నాకు మోకాళ్ళ నొప్పి రాడానికి?" అని ఎప్పుడూ అనే మాటే అనేసి, టిఫిన్ డబ్బా పట్టుకుని పనికి పోయింది.

ఈ పాత ఆటగాళ్ళు పెట్టుకున్న సంఘానికి ఆమె అధ్యక్షురాలు. ఎలా అయిందో చెప్పాలంటే ఆశీర్వాదం చావు దగ్గర మొదలుపెట్టాలి. ఆశీర్వాదం ఆమె భర్త. అతనూ ఆటగాడే. మోకాలు చెడి ఇంటికొచ్చాక ఏ క్లబ్బువాడూ ఎలా ఉన్నావని అడగలేదు. ఏడెనిమిదేళ్ళు గడప దాటకుండా కూర్చుని, ఒక ఉదయం ప్రార్థన మధ్యలో పోయాడు. అతని శవపెట్టెను మోసినవాళ్ళంతా కలిసి ఆడినవాళ్ళు. నలుగురూ కుంటేవాళ్ళే, అదీ నలుగురూ నాలుగు రకాలుగా. పెట్టె సమాధుల తోట దాకా పడవలా ఊగుతూ పోయింది. వెనక నడుస్తున్న పిచ్చమ్మకు అంత ఏడుపులోనూ నవ్వొచ్చింది. నవ్వు ఆగాక భయం వేసింది. వీళ్ళు కూడా గడప లోపల కూర్చుంటే వీళ్ళ పెట్టెలు మోసేదెవరు?

ఆ తర్వాత సంఘం పెట్టుకుందామనుకున్నప్పుడు అందరికీ కెప్టెన్ కావాలనే ఉంది. ఇరవై ఏళ్ళనాటి ఆటలన్నీ తవ్వుకుని కొట్లాడుకున్నారు. చివరికి గిద్యోనే, మనలో ఎవరికీ తప్పుడు పాసు ఇవ్వని మనిషి పిచ్చమ్మ వదిన ఒక్కతే అన్నాడు. అలా అధ్యక్షురాలైంది. రాళ్ళు పెట్టుకునే పాత కొట్టు ఒకటి పలకల యజమానిని అడిగి సంఘం గదిగా సంపాదించింది. వీళ్ళను ఒంగోలు ఆసుపత్రికి తిప్పింది. అక్కడి ఆఫీసులో గుమస్తా రేపు రమ్మంటే, కుంటేవాళ్ళను ఇన్నిసార్లు తిప్పుతావా నాయనా అని అక్కడే చాప పరిచి కూర్చోబెట్టింది. గిద్యోనుకు కాపలా పని ఇప్పించింది. మిగిలింది సుందరరాజే. పెళ్ళాం పిల్లలు లేరు. ఆ గదే అతని ఇల్లు.

పలకల పనిలో పిచ్చమ్మది గొంతుక్కూర్చుని చేసే పని. ఉలి ఆనించి సుత్తితో మెల్లగా తడుతూ రాతిని పొరలు పొరలుగా విడదీయాలి. ముక్కుకు కట్టుకున్న గుడ్డ మీద, కనురెప్పల మీద బూడిదరంగు పొడి పేరుకుంటుంది. బీట లేని ముక్క ఏదైనా దొరికితే కాపడానికని పక్కన పెట్టుకుంటుంది. బీట ఉన్నా, తడి ఉన్నా రాయి పొయ్యి మీద పేలుతుంది. గిద్యోను ఒకసారి నూనె వాసన కొడుతోందని రాళ్ళన్నింటినీ సబ్బుతో తోమి, తడి ఆరకుండానే మంట మీద పెట్టాడు. పక్కన ఉడుకుతున్న పప్పు గోడకు పోయింది, గిద్యోను బల్ల కిందకు పోయాడు. గోలు దగ్గర కూడా ఎప్పుడూ అంత బాగా దూకలేదని నాగులు ఊరంతా చెప్పాడు. ఆనాటి నుంచి ఆ పొయ్యిని మగవాళ్ళెవరూ ముట్టుకోకూడదని అధ్యక్షురాలి ఆజ్ఞ.

మధ్యాహ్నం అన్నం వేళకు నాగులు గొర్రెల్ని తోలుకుంటూ పని దగ్గరికే వచ్చాడు. సుందరరాజు సర్దిన పెట్టె విప్పేసి పడుకున్నాడని చెప్పాడు. పిచ్చమ్మ డబ్బా మూత పెట్టేసి, ఎండలో పడి గదికి పోయింది.

సుందరరాజు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఆమె వచ్చిన అలికిడికి లేచి కూర్చున్నాడు. సమాధానం ముందే సిద్ధం చేసుకున్నట్టున్నాడు.

"పరిగెత్తలేనోడు పిల్లలకు ఏం నేర్పుతాడు వదినా? నవ్వుతారు."

"పరిగెత్తేదానికి నా దగ్గర పిల్లలున్నారు, ఎక్కడ నిలబడాలో తెలిసిన మనిషి కావాలని ఆ సరస్వతమ్మ చెప్పింది. నీకు అది తప్ప ఇంకేం తెలుసు?"

అతను నవ్వాపుకోలేక నవ్వాడు. నవ్వు తగ్గాక, తల వంచుకుని, అసలు మాట బయటపెట్టాడు.

"అక్కడ రాయి కాచి ఇచ్చేదెవరు వదినా?"

పిచ్చమ్మకు అప్పుడు తెలిసింది. ఆశీర్వాదం గడప లోపల కూర్చుంటే, ఈయన తన పొయ్యి ముందు కూర్చున్నాడు. అంతే తేడా. అతన్ని గడప దాటించాలని మొదలుపెట్టిన కాపడమే అతనికి గడప అయింది. తన చేత్తోనే కట్టింది ఆ ముడి. అది తలుచుకుంటే ఆమెకు దుఃఖం వచ్చింది, దాంతోపాటు కోపమూ వచ్చింది.

"మీరు లేచి నడుస్తారని రాళ్ళు కాచినాను గానీ, కోడిపెట్టల్లెక్క పొదుగుతా కూచోమని కాదు" అంది. "ఇంకో మగాణ్ణి ఇంట్లో కూచోబెట్టి సాగనంపే ఓపిక నాకు లేదు సుందరరాజూ. సాయంత్రం నేను పొయ్యి ముట్టియ్యను. ఎట్ల కాచుకోవాల్నో చూసినావు కదా ఇన్నేళ్ళు. నీ రాయి నువ్వు తీసకపో."

అతని రాయిని, మేజోడును తెచ్చి మంచం మీద పెట్టి, వెనక్కి చూడకుండా బయటికి వచ్చేసింది. మలుపు దాటాక మాత్రం కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ముఖం మీద పలక పొడి రెండు చారలైంది.

సాయంత్రం లారీకి సరుకు ఎత్తాల్సి వచ్చి ఆలస్యమైంది. పని దిగీ దిగగానే బస్టాండుకు ఉరికింది. ఉరకడమంటే, ఆమె మోకాళ్ళు ఒప్పుకున్నంత. దోర్నాల బస్సు అప్పటికే గుర్రుమంటూ కదలడానికి సిద్ధంగా ఉంది. శ్రీశైలం పోయే యాత్రికులతో కిటకిటలాడుతోంది. గిద్యోను డ్రైవరు పక్కన నిలబడి ఏదో కబురు చెబుతూ అతన్ని కదలనివ్వడం లేదు. నాగులు గొర్రె ఒకటి బస్సు ముందే అడ్డంగా నిలబడి ఉంది. అది దానంతటది నిలబడిందో, నాగులు నిలబెట్టాడో ఎవరూ అడగలేదు.

పిచ్చమ్మ ఒక్కో కిటికీ వెతుక్కుంటూ పోయింది. మొహాలన్నీ కొత్తవే. చివరి కిటికీలో, ఒళ్ళో పెట్టె పెట్టుకుని, కొత్త చొక్కా వేసుకుని, సుందరరాజు కూర్చుని ఉన్నాడు. ఆమె కిటికీ ఊచ పట్టుకుంది. చెప్పాల్సిన జాగ్రత్తలు ఎన్నో అనుకుంటూ వచ్చింది గానీ, నోటికి ఒక్కటే వచ్చింది.

"రాయి పెట్టుకున్నావా?"

"లేదు వదినా. నీ పీట మీద పెట్టినాను."

"నీ బుద్ధి పాడుగాను. దాన్నే మరిచిపోతావా?"

"మరిచిపోలేదు" అన్నాడు. గొర్రె తప్పుకుంది. బస్సు కదిలింది. సుందరరాజు తల బయటపెట్టి, మైదానంలో తనవాళ్ళను కేకేసినట్టు గట్టిగా అరిచాడు. "బంతి ఆడకపోయినా మోకాళ్ళ నొప్పులు వస్తాయంట వదినా! చూస్తానే ఉన్నా ఇన్నేళ్ళు!"

బస్టాండులో జనమంతా ఆమె వైపు చూశారు. పిచ్చమ్మ సిగ్గుపడి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బస్సు మలుపు తిరిగేదాకా నవ్వుతూనే ఉంది, కళ్ళు తడుస్తూనే ఉన్నాయి.

గదికి వచ్చేసరికి సుందరరాజు మంచం మీద పరుపు చుట్టి ఉంది. పొయ్యి పక్కన బూడిద లేదు, చెంబు లేదు, ఎక్కడా నీటి తడి లేదు. పెనం తుడిచి బోర్లించి ఉంది. పొయ్యిలో మాత్రం ఇంకా సెగ ఉంది. ఎవరు ముట్టించారని అడిగితే, యేసు సాక్షిగా తాను కాదని గిద్యోను గుమ్మం అవతలే ఆగిపోయి చెప్పాడు. బస్సుకు పోయే ముందు సుందరరాజు ఆ రాయిని ఎండలో చాలాసేపు ఆరబెట్టాడట, తర్వాత పొయ్యి ముందు కూర్చుని, చెంప దగ్గర పెట్టుకుని మరీ సెగ చూశాడట.

పిచ్చమ్మ ఇన్నేళ్ళూ ఎదుటివాళ్ళ మోకాళ్ళ ముందు కూర్చున్న ఆ చిన్న పీట మీద, ఉతికి ఆరేసిన పచ్చచారల మేజోడులో, ముడి వేసి, పాత దుప్పటి కప్పి ఉన్న పలకరాయి ఇంకా వెచ్చగానే ఉంది.