ముందు మాట చిన్నవాళ్లదే

మన సియోల్‌లో పెద్దవాళ్లు చెంచా ఎత్తేదాకా చిన్నవాళ్లు అన్నం ముట్టరు. ఇంట్లో అంతే, ఆఫీసులో అంతే. ఇక్కడి అత్యున్నత న్యాయస్థానంలోనూ భోజనాల బల్ల దగ్గర అంతే. కానీ పదముగ్గురు న్యాయమూర్తులు తలుపులు వేసుకుని కేసు తేల్చే గదిలో మాత్రం వరస తిరగబడుతుంది. అక్కడ అందరికంటే చివర చేరినవాళ్లు ముందు నోరు విప్పాలి, ప్రధాన న్యాయమూర్తి అందరి తర్వాత. పెద్దలు ముందు మాట్లాడితే చిన్నవాళ్లు తలూపేసి ఊరుకుంటారని బాగా ఎరిగిన మహానుభావులెవరో పెట్టిన పద్ధతి. వాళ్లకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

తాక్ సునే చేరి మూడు నెలలైంది. అంటే ఆ గురువారం ముందు మాట్లాడవలసింది ఆవిడే.

కేసు ఓక్ బున్రే అనే వంటమనిషిది. గున్సాన్‌లో ఒక బడి వంటింట్లో పంతొమ్మిదేళ్లు చేపలూ కోడిముక్కలూ వేయించి వేయించి ఊపిరితిత్తులు పాడుచేసుకుంది. ఇది పని తెచ్చిన జబ్బేనని ఒప్పుకోమంటోంది. ఏ పొగ వల్ల వచ్చిందో నువ్వే రుజువు చెయ్యాలంటోంది ఐదేళ్ల కిందట ఇదే కోర్టు ఇచ్చిన తీర్పు. దాన్ని మార్చాలంటే పదముగ్గురూ కలిసి కూర్చోవలసిందే. చిక్కేమిటంటే, ఆ తీర్పు రాసింది పియన్ హక్సు. సునే కొత్తగా జడ్జీ అయినప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పిన గురువు. ఇప్పుడు ప్రధాన న్యాయమూర్తి తర్వాత అందరికంటే సీనియర్.

మధ్యాహ్నం భోజనంలో ఆయన సునే వంక చూశారు.

"ఏమ్మా, ముద్ద దిగట్లేదా?"

"మీరు మొదలెట్టందే ఎలా దిగుతుంది గురువుగారూ?"

"ఇక్కడ నేను మొదలెడతాలే. రెండింటికి నువ్వు మొదలెట్టు. అక్కడ నా మొహం చూశావో, ఊరుకోను!"

రెండింటికి తలుపులు మూశారు. సునే గొంతు సవరించుకుని, పియన్ గారి తీర్పులో ఎంత వివేకం ఉందో చెప్పడం మొదలుపెట్టింది. అది ఎంత కష్టకాలంలో రాసిన తీర్పో చెప్పింది. ఎంత జాగ్రత్తగా రాశారో చెప్పింది. ఐదు నిమిషాలైనా అసలు సంగతికి రాలేదు.

"న్యాయమూర్తి తాక్ గారూ," అన్నారు పియన్, బల్ల అవతలి నుంచి. "నాకు సన్మానం తర్వాత చేద్దురుగాని. కేసు చెప్పండి."

అందరూ నవ్వారు. సునే చెవులు ఎర్రబడ్డాయి. కాగితాలు పక్కకు నెట్టింది.

"వంటింట్లో పొగ ఎంతుందో ఎన్నడూ కొలవనిది యజమాని. ఆ కొలతలు తెమ్మని బున్రేని అడగడం ఏం న్యాయం? ఆ తీర్పు తప్పు. మార్చాలి."

ఆ తర్వాత ఒక్కొక్కరే చెప్పుకొచ్చారు. పియన్ వంతు వచ్చేసరికి సునేతో కలిపి ఇటువైపు ఆరుగురు, అటువైపు ఐదుగురు.

"నేను రాసింది నాకిప్పటికీ సరైనదే," అన్నారాయన. "రుజువు లేకుండా కారణం తేల్చేస్తే రేపు హద్దెక్కడ?"

ఆరూ ఆరూ. చివరికి ప్రధాన న్యాయమూర్తి సునే వైపు మొగ్గారు. తీర్పు రాసే బాధ్యత ఆవిడ మీద పడింది.

రెండు వారాల తర్వాత పియన్ ఆ చిత్తుప్రతి పట్టుకుని ఆవిడ గదికి వచ్చారు.

"పదకొండో పేజీ చూడు. ఈ కేసు ప్రత్యేక పరిస్థితుల వల్ల అని రాశావు. ఆ ముక్క ఉంటే బున్రే ఒక్కతే గట్టెక్కుతుంది. రేపు ఇంకొకడు వస్తే, నీ సంగతి వేరురా అని పంపించేస్తారు."

"మీరు అటువైపు కదా గురువుగారూ! సందు ఉంటే మీకే మంచిది."

"ఓడిపోయింది నేను. కోర్టు ఓడిపోకూడదు. తీర్పన్నాక గట్టిగా నిలబడాలి. కొట్టెయ్."

కొట్టేసింది. తీర్పు చదివిన రోజు బున్రే వెనక వరసలో దగ్గుకుంటూనే లేచి, పదముగ్గురికీ నడుం వంచి దండం పెట్టింది.

శరదృతువులో ఓడలకు రంగులేసే కార్మికుడి కేసు ఒకటి పియన్ కూర్చునే నలుగురి బెంచికి వచ్చింది. అదే రకం జబ్బు, కొలతలు లేని అదే పొగ. రాయవలసింది ఆయనే. సునేకు వారం రోజులు నిద్ర సరిగ్గా పట్టలేదు. నమ్మనిదాన్ని రాయమంటే ఎవరికి మాత్రం చెయ్యి సాగుతుంది? ఎక్కడో ఒక వంక దొరికించుకుంటే అడిగేవారు లేరు.

తీర్పు వచ్చింది. నాలుగే పేజీలు. పొగ కొలవనిది యజమానైతే రుజువు అడగాల్సింది కార్మికుణ్ణి కాదని సునే రాసిన సూత్రాన్ని మొదటి పేరాలోనే అక్షరం మారకుండా పెట్టారు. ఎక్కడా నసుగుడు లేదు, నా అభిప్రాయం వేరు అన్న మాట లేదు. ఐదేళ్ల కిందటి తీర్పు ఇక చెల్లదని ఆయనే రాశారు. కార్మికుడు గెలిచాడు.

సునే ఆ నాలుగు పేజీలనూ లేచి నిలబడి చదివింది. ఇలాంటి మనిషి దగ్గర పని నేర్చుకున్నందుకు, ఇలాంటి కోర్టులో కూర్చున్నందుకు గర్వపడుతూ ఆవిడ మళ్లీ మొదటి పేజీ తిప్పింది.