మూడో చోటు

సుజానా షెడ్డు అనంతగిరి ఘాటు ఎక్కాక, సుంకరిమెట్టకి ఇవతల, రోడ్డు పక్కనే ఉంటుంది. రోజూ ఎనిమిదింటికి తలుపు తీస్తుంది. స్పానర్లు గుడ్డతో తుడిచి సైజు వారీగా మేకులకి తగిలిస్తుంది. గాలి మిషను ఆన్ చేసి, అది దడదడలాడుతుండగా రోడ్డు దాటి కనకమ్మ బడ్డీలో టీ తాగుతుంది. చిన్నప్పుడు వచ్చిన జ్వరానికి ఆమె ఎడమకాలు సన్నబడిపోయింది. అందుకని రోడ్డు దాటడానికి మిగతావాళ్ల కంటే నాలుగు క్షణాలు ఎక్కువ పడుతుంది. ఆ నాలుగు క్షణాలూ బస్సు డ్రైవర్లు ఆగి ఇస్తారు.

కనకమ్మకి అరవై దాటాయి. టీ కాస్తుంది, మొక్కజొన్న పొత్తులు కాలుస్తుంది. ఆమె పక్కన బుద్రి పసుపు కొమ్ములు పోసుకుని కూర్చుంటుంది, బుద్రి పక్కన ఇరవయ్యేళ్ల సోనాయి చింతపండు పెట్టుకుని కూర్చుంటుంది. షెడ్డుకి బండి వచ్చిందంటే ముగ్గురూ బేరాలు వదిలేసి లేస్తారు.

ఎందుకంటే ఆ మలుపులో సంగతి అలాంటిది. ఇంజను నడుస్తున్న బండి ముందు ఆడవాళ్లు ఒకరి వీపు వెనక ఒకరు చేతులు వేసి థింసా ఆటకి వరస కట్టి నిలబడితే, సిలిండర్లు వాళ్ల కాళ్లలోకి వచ్చేస్తాయి. మొదటి సిలిండరు మొదటి మనిషికి, రెండోది రెండో మనిషికి. ఏ సిలిండరు మిస్సింగ్ కొడితే ఆ మనిషి అడుగు తప్పుతుంది. ఆటో అయితే కనకమ్మ ఒక్కతే చాలు, పొత్తు తిప్పుతూ తిప్పుతూనే రెండు అడుగులు వేసి, "దీని ప్లగ్గు పోయిందే" అనేస్తుంది. జీపులకీ కార్లకీ నలుగురు కావాలి. నలుగురూ వయసు వరసలోనే నిలబడాలి, పెద్దావిడ ముందు. అది అమ్మమ్మల నాటి పద్ధతి, దాన్ని ఎవరూ కదపలేదు.

ఆ వరసలో మూడో చోటు మౌనికది. మౌనిక పురిటికని పాచిపెంట పుట్టింటికి వెళ్లి మూడు నెలలైంది. ముగ్గురితో నాలుగు సిలిండర్లు తేలవు. జీపులు రావడం మానేశాయి. షెడ్డులో పంక్చర్లు తప్ప ఏమీ మిగల్లేదు.

"నువ్వు నిలబడొచ్చు కదే గుంటా," అని కనకమ్మ ఎన్నిసార్లు అడిగిందో.

"నా కాలు ఎప్పుడూ తప్పే కదా మామ్మా. బాగున్న బండిని కూడా పాడైందని చెప్తాది," అనేది సుజానా.

అలా కూర్చుని కూర్చుని, పోయిన నెల విశాఖపట్నం వెళ్లి ఒక పెద్ద షోరూములో మెకానిక్కు ఉద్యోగం అడిగింది. ఆ మేనేజరు దేవీప్రసాద్ మంచివాడే. ఆమె ఐటీఐ సర్టిఫికెట్టు చూశాడు, కాలు చూశాడు, జాలిపడ్డాడు. "పిట్‌లోకి దిగాలి, బండి కింద పడుకోవాలి, నీకు కష్టమమ్మా. కౌంటరు దగ్గర కుర్చీ వేయిస్తాను. వచ్చిన బండి నంబరు రాసుకుంటే చాలు," అన్నాడు. ఇంటికొచ్చి చెబితే తండ్రి విశ్వాసం మోకాళ్లమీద కూర్చుని ప్రార్థన చేసుకున్నాడు, బిడ్డకి నీడపట్టు పని దొరికిందని. సుజానాకి మాత్రం ఆ కుర్చీ తల్చుకుంటేనే చేతులు ఊరికే బరువెక్కిపోయేవి. సోమవారం చేరాలి.

ఆ సోమవారానికి ముందు గురువారంనాడు, ఘాటెక్కి ఒక తెల్ల కారు దగ్గుతూ, ఆగుతూ, గెంతుతూ వచ్చి షెడ్డు ముందు నిలబడింది. అందులోంచి దిగింది దేవీప్రసాదే.

"అరే, నువ్వా సుజానా! ఇది నా సొంత బండి. ఎక్కుడు వస్తే చాలు, మిస్సింగ్. చదును మీద వెన్నలా పోతుంది. మా వాళ్లు లాప్‌టాప్ పెట్టి మూడో సిలిండరన్నారు. ప్లగ్గు మార్చారు, కాయిల్ మార్చారు, మళ్లీ మార్చారు. ఏం లాభం లేదు."

సుజానా బానెట్ ఎత్తింది. ఇంజను నడుస్తుండగా కాయిల్ కనెక్టర్లు ఒక్కొక్కటే పీకి మళ్లీ పెట్టింది. ఏది పీకినా శబ్దం ఒక్కలాగే పడిపోయింది. అంటే నాలుగూ పని చేస్తున్నట్టే. ఆమె తల గోక్కుంది.

అప్పటికే కనకమ్మ పొత్తులు దించేసి రోడ్డు దాటి వచ్చేసింది, వెనకాల బుద్రి, సోనాయి.

"ఏటి సూత్తావు? రా, నిలబడు. సోనాయి కంటే పెద్దదానివి, బుద్రి కంటే చిన్నదానివి. మూడో చోటు నీదే."

"మామ్మా, నా కాలు..."

"నీ కాలు సంగతి నాకు తెలీదా? రాయే బేగి!"

సుజానా గ్రీజు చేతులు తుడుచుకుని వెళ్లి నిలబడింది. అటునుంచి బుద్రి చెయ్యి, ఇటునుంచి సోనాయి చెయ్యి ఆమె వీపు మీద పడ్డాయి. దేవీప్రసాద్ చిన్నప్పటినుంచీ ఈ ఘాట్లు తిరిగినవాడు, అడక్కుండానే వెళ్లి ఆక్సిలరేటరు మీద కాలు వేసి కూర్చున్నాడు.

నలుగురూ కదిలారు. రెండు అడుగులు ముందుకి, ఒకటి వెనక్కి. ఇంజను డప్పులా కొడుతుంటే సుజానా తన కాళ్ల వంక చూసుకుంది. ఎడమకాలు కుడికాలితో సమానంగా పడుతోంది! మూడో సిలిండరు ఎంత బాగా కొడుతోందో, ఆమె పాదం అంత బాగా లేచి పడుతోంది.

"తప్పేమీ లేదు కదా," అన్నాడు దేవీప్రసాద్ నీరసంగా.

"కొండెక్కితే కదా బాబూ ఆగుతాది మీ బండి," అంది కనకమ్మ. "మరైతే మేమూ కొండెక్కాలి."

చేతులు విడవకుండానే నలుగురూ షెడ్డు పక్కనున్న ఎర్రమట్టి గట్టు ఎక్కడం మొదలెట్టారు. వాళ్లు ఎక్కుతుంటే, నిలబడ్డ చోటే ఉన్న కారు ఇంజను ఘాటెక్కుతున్నట్టు మూలిగి వెనక్కి ఒరిగింది. అయిదో అడుగులో సుజానా ఎడమకాలు జారింది. ఏడో అడుగులో మళ్లీ ఈడ్చింది. వరసంతా తూలింది.

"అదిగో, మూడోదే!" అని సోనాయి అరిచింది.

దేవీప్రసాద్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. తిట్టినట్టు కాదు, మెత్తగానే అన్నాడు, "అది ఇంజను కాదేమోనమ్మా. ఎక్కుడు కదా, ఆ అమ్మాయి కాలికే కష్టంగా ఉండుంటుంది."

దీనికే కదా ఇన్నాళ్లూ సుజానా భయపడింది. గట్టు మీద అలాగే నిలబడి, కిందనున్న ఇంజను వంక చూసింది. ఒక కాయిల్ మీద అనుమానం వస్తే మెకానిక్కు ఏం చేస్తాడు? తీసి పక్క సిలిండరులో పెడతాడు. తప్పు కాయిల్‌తో పాటు పోతే కాయిల్‌ది. అక్కడే ఉండిపోతే...

"మామ్మా, నన్ను రెండో చోట పెట్టి, బుద్రి పిన్నిని మూడో చోట పెట్టు," అంది.

కనకమ్మ నోరు తెరిచింది. "బుద్రి కంటే ముందు నువ్వా? ఏటే ఆ మాట? మా అమ్మ ఆడినప్పుడు, ఆవిడ అమ్మ ఆడినప్పుడు..."

"ఒక్కసారికే మామ్మా. తప్పు నాదో, చోటుదో తెలియాలి."

కనకమ్మ ఒప్పుకునేలా లేదు. అప్పుడు బుద్రి పకపకా నవ్వింది. "ఓలప్పా, నిలబడనీయే! ఒక్క పాటకి నాకు ఇరవయ్యేళ్లు తగ్గితే చేదా? మా ఆయన సూత్తే మళ్లీ పెళ్లంటాడు!"

కనకమ్మకి నవ్వాగలేదు. నవ్వుతూనే చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, పెద్దల్ని తల్చుకుని నేలకి ఓ దణ్ణం పెట్టి, "కానీయండి," అంది.

చోట్లు మార్చుకున్నారు. మళ్లీ గట్టు కిందనుంచి మొదలు. ఇంజను మూలిగింది, ఒరిగింది. అయిదో అడుగులో కుంటింది బుద్రి. జన్మలో ఏనాడూ అడుగు తప్పని బుద్రి, "ఓరి నాయనో, నా కాలు!" అంటూ తూలిపోయింది. రెండో చోట సుజానా మాత్రం గట్టు పైదాకా టకటకా ఎక్కేసింది.

పైన నిలబడి ఆయాసపడుతూ చెప్పింది, "సార్, మనిషిది కాదు. చోటుదే. ప్లగ్గు మార్చారు, కాయిల్ మార్చారు, అయినా మూడో చోటే తప్పింది. అక్కడికొచ్చే వైరు చూడలేదు మీవాళ్లు. ఇంజను వెనక్కి ఒరిగినప్పుడే ఆ వైరు సాగుతోంది."

కిందికి దిగి, మూడో కాయిల్ వైరుని వేళ్ల మధ్య నులుముతూ వచ్చింది. పైన తొడుగు కొత్తదానిలాగే ఉంది. ఇనప బ్రాకెట్టు మలుపు దగ్గర మాత్రం జీళ్లపాకంలా మెత్తగా సాగింది. కోసి చూస్తే లోపలి రాగి తెగి, చివరలు రెండూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. ఎక్కుడులో విడిపోతాయి, చదునులో కలుస్తాయి. సుజానా కొత్త ముక్క వేసి టంకం పెట్టి, తొడుగు బిగించి, వైరుకి కొంచెం వదులిచ్చి కట్టింది.

నలుగురూ మరోసారి గట్టెక్కారు, ఈసారి ఎవరి చోట్లో వాళ్లు. ఎనిమిది కాళ్లూ ఒక్క కాలిలా పడ్డాయి. ఇంజను ఆపగానే సుజానా తన మామూలు నడకతో దిగి వచ్చింది.

దేవీప్రసాద్ కారు తీసుకుని ఘాటు సగం దిగి, మళ్లీ ఎక్కి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"సోమవారం నువ్వు కౌంటరు దగ్గరికి రావద్దు," అన్నాడు.

సుజానా స్పానరు తుడవడం ఆపింది.

"వర్క్‌షాపులోకి రా. పిట్‌లోకి దిగడానికి మెట్లు కట్టిస్తాను. ఆ మాట పోయిన నెలే నాకు తట్టి ఉండాల్సింది."

ఆమె ఇన్నాళ్లూ కోరుకున్న మాట అదే. వెంటనే అవుననబోయింది. కానీ వీపు మీద రెండు చేతుల వెచ్చదనం ఇంకా ఆరలేదు. కనకమ్మ ఏదో పనున్నట్టు కొంగు దులుపుకుంటోంది. సోనాయి ముక్కు ఎగబీలుస్తోంది.

"మరి అక్కడ నేను ఎవరి పక్కన నిలబడాలి సార్?"

దేవీప్రసాద్ గట్టు వంక చూశాడు, నలుగురి వంకా చూశాడు. "నిజమే," అన్నాడు. "అయితే బళ్లే కొండెక్కి వస్తాయి. మావాళ్లకి అంతు చిక్కనివన్నీ గురువారం గురువారం పంపిస్తాను. సరేనా?"

"వచ్చినోళ్లు తలా రెండు పొత్తులు కొనాలని సెప్పండి బాబూ," అంది కనకమ్మ.

మరుసటి గురువారం తొమ్మిదింటికల్లా రెండు కార్లు వచ్చాయి. వాటి వెనకాల నల్లగా పొడుగ్గా ఇంకొకటి. సుజానా దాని బానెట్ ఎత్తి వేలితో లెక్కపెట్టింది, నమ్మలేక మళ్లీ లెక్కపెట్టింది.

"మామ్మా, దీనికి ఆరు!"

కనకమ్మ ఒక్క క్షణం తెల్లబోయింది. తరవాత నడిరోడ్డు మీదికి వెళ్లి, బుట్టలు నెత్తిన పెట్టుకుని సంతకి పోతున్న ఆడవాళ్లని చూసి కేక పెట్టింది, "ఓలమ్మా, ఇద్దరు రండే! బుట్టలు దింపేసి బేగి రండి!"

వచ్చిన ఇద్దరూ సుజానా కంటే పెద్దవాళ్లే. ఆమె ఎవరూ చెప్పకుండానే అయిదో చోటుకి జరిగి, చేతులు చాపి, ఇంజను స్టార్ట్ చెయ్యమంది.