కిటికీకి కట్టిన తడిచీర

పొద్దున లేవగానే మహాలక్ష్మమ్మ చేసే మొదటి పని పాత నూలుచీరను బకెట్లో ముంచి పిండి, కూతురు ప్రత్యూష మంచం పక్కనున్న కిటికీకి అడ్డంగా కట్టడం. ఆరితే మళ్లీ తడపాలి. సాయంత్రం ఉతికితే నీళ్లు బూడిదరంగుకు తిరిగేవి. దుర్గిలో వాళ్ల వీధి చివర పుల్లారావు రాళ్లు కోసే మిషన్లు పెట్టి మూడేళ్లయింది. అప్పటినుంచీ ఇదే పని. పదో తరగతి చదివే పిల్లకు ఆయాసం, తలగడ కింద ఇన్‌హేలర్.

పుల్లారావు మహాలక్ష్మమ్మకు వరసకు బావ. ఎన్నిసార్లు చెప్పినా, "నా దుమ్ము మీ ఇంటిదాకా యాడొచ్చిద్దమ్మా? అది రోడ్డు దుమ్ము," అనేవాడు. షెడ్డుకు గోడ కట్టించమని ఆమె పంచాయతీలో అర్జీ ఇచ్చింది. దుమ్ము అక్కడిదేనని తేలితే కట్టిస్తామన్నారు.

తేల్చడానికి నరసరావుపేట నుంచి యశస్విని అనే కాలేజీ అమ్మాయి వచ్చింది. మిషన్లు ఆడుతుండగా షెడ్డు దగ్గర ఓ సన్నటి పొడి గాలిలోకి వదిలింది. మనిషికి హాని చెయ్యని పొడి. మామూలుగా కనపడదు, ఊదారంగు దీపం వేస్తే ఆకుపచ్చగా మెరుస్తుంది. అది ఎంతదూరం పోతే రాతిదుమ్ము కూడా అంతదూరం పోతున్నట్టే. మహాలక్ష్మమ్మ ఇంటి కిటికీ లోపల జిగురు రాసిన గాజుపలక పెట్టి, "రేపు కూడా పొడి వదులుతాం ఆంటీ. పలకను తాకొద్దు. మీరు మాత్రం రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండండి," అని చెప్పింది.

మహాలక్ష్మమ్మ పలకను తాకలేదు. రోజూ ఉన్నట్టే ఉంది.

మర్నాడు సాయంత్రం యశస్విని తలుపులు మూసి దీపం వేసింది. పలక నల్లగా ఉంది. ఒక్క చుక్క లేదు.

"చూశావా అమ్మా? మూడేళ్లు నన్ను ఆడిపోసుకుంటివి," అన్నాడు వెంటవచ్చిన పుల్లారావు.

మహాలక్ష్మమ్మకు వాదించే ఓపిక ఎప్పుడో పోయింది. ఉతకాల్సిన వేళయిందని లేచి కిటికీ చీర విప్పింది. ఇంకా ఆర్పని దీపం వెలుగు దాని మీద పడింది. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఆకుపచ్చ చుక్కలు.

"చీర యాడ తిరిగొచ్చిందో ఏమో!" నవ్వాడు పుల్లారావు.

యశస్విని నవ్వలేదు. "ఫోటో తీసుకుంటాను ఆంటీ. కానీ రిపోర్టులో పలకే చెల్లుతుంది. ఇంకో రెండ్రోజులు పెడదాం. చీర లేకుండా."

"మరి పిల్ల?"

యశస్విని దీపం ఆర్పి, దాని తీగను మెల్లగా చుట్టుకుంది.

"రెండ్రోజులేగా, ఉంటాలేమ్మా," అంది ప్రత్యూష.

"నోరు మూసుకో. మాచర్లలో పిన్ని ఇంటికి పో."

"మరి పరీక్షలు?"

"ఆణ్నుంచే బస్సులో రా."

తెల్లారి పిల్లను బస్సెక్కించి వచ్చి, మహాలక్ష్మమ్మ అలవాటుగా చీర తీసి బకెట్లో ముంచింది. పిండబోయి గుర్తొచ్చి నీళ్లలోనే వదిలేసింది. ఇల్లంతా బోసిగా ఉంది. వీధి చివర మిషన్లు మొదలయ్యాయి. కిటికీ బార్లా తీసి కూతురి మంచం మీద నడుం వాల్చింది. కాసేపటికి గొంతులో గరగర మొదలైంది. దగ్గు పలక మీద పడకూడదని గోడవైపు తిరిగి పడుకుంది.