పావు నిమిషం నాడి

వరండా ఎంత నడిచినా తరగడం లేదు. ఒక చివర అది పాలకొండలో సింహాద్రి డాక్టరు సొంత ఆసుపత్రి, రెండో చివరకి వచ్చేసరికి మెడికల్ కాలేజీ జనరల్ వార్డు అయిపోతోంది, మధ్యలో ఎక్కడ మారుతోందో ఆయనకి అంతుపట్టడం లేదు, అయినా వింతగా కూడా లేదు. రోగుల వరసలో చీటీ పట్టుకుని ఒక ముసలాయన కూర్చున్నాడు. కాళ్ళు వాచిపోయాయి, మెడకున్న టై మాత్రం సడలలేదు. డాక్టర్ ఈమని రంగశాయి! చనిపోయి నెల దాటిందని సింహాద్రికి తెలుసు. వైద్యవిద్యని సంస్కరించిన మహనీయుడని పేపర్లో అర పేజీ వేస్తే, అది చదివి పెరట్లోకి వెళ్ళి ఉమ్మి వచ్చాడు.

చచ్చినవాణ్ణి వరసలో కూర్చోబెట్టడం ఆయనకి హాయిగా ఉంది. కావాలనే వెనకవాళ్ళని ముందు పిలుస్తున్నాడు.

నాలుగేళ్ళ చిన్న డాక్టరు చదువుని ఎత్తేయించినవాడు రంగశాయి. పుస్తకం వల్లించినవాడు డాక్టరు కాడని, అందరూ పెద్ద కోర్సే చదవాలని, రోగి మంచం పక్కనే నేర్చుకోవాలని శాసించాడు. దాంతో చిన్న చదువువాడైన సింహాద్రి నలభయ్యో ఏట మళ్ళీ బెంచీ ఎక్కాడు. పరీక్షనాడు రంగశాయి ఒక రోగిని చూపించి నాడి చూడమన్నాడు, చూశాక తప్పేమిటో చెప్పకుండా కళ్ళజోడు తుడుచుకుని పరీక్ష తప్పించేశాడు. సింహాద్రి రెండోసారి వెళ్ళలేదు. పద్దెనిమిదేళ్ళుగా ఊళ్ళో చిన్న డాక్టరుగానే ఉండిపోయాడు.

"ఏటి తమరికి బాధ?" అని అడుగుతాడు చివరికి, ఆ 'తమరు'ని బాగా చప్పరించి. జవాబు వచ్చేదాకా ఆగే ఓపిక సింహాద్రికి లేదు.

"చిన్న చదువు మూసేసినారు. మరి పెద్ద చదువులోళ్ళు మా కొండకిందకి ఎంతమందొచ్చినారో తెలుసునా?"

"వస్తారనుకున్నాను."

"అనుకున్నారు!" అంటాడు సింహాద్రి. డోలీలో మోసుకొస్తుంటే దారిలోనే పోయిన బాలింతల గురించి, పదకొండేళ్ళు తాళం తియ్యని కొండమీది ఆసుపత్రి గురించి చెబుతాడు, చెబుతుంటే ఆ తాళం రంగశాయి ఒళ్ళోనే కనబడుతుంది, ఎవరూ దాన్ని ముట్టుకోరు. ముసలాయన చెయ్యి చాపుతాడంతే.

అలవాటు చొప్పున సింహాద్రి మణికట్టు పట్టుకుంటాడు. నాడి లేదు. లేదని తెలిసీ లెక్కపెడుతూనే ఉంటాడు, ఈలోగా వరసలో వాళ్ళందరూ ఎటో వెళ్ళిపోతారు, వరండా కురచై ఒక్క మంచమంత అవుతుంది.

"ఇవాళ నిమిషం పూర్తిగా చూశావు," అంటాడు రంగశాయి. "ఆ రోజు పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చవేశావు. ఆ మనిషి నాడి మధ్యమధ్య తప్పుతోందయ్యా. ఇంకాసేపు వేలుంచితే నీకే తగిలేది."

"మా ఊళ్ళో రోజూ గుమ్మం బయట వందమంది కాసుకునుంటే నిమిషం ఎక్కణ్ణించి తెచ్చీది?"

"అది నేను అడగవలసింది. అడగలేదు."

ఆ ఒప్పుకోలు కూడా సింహాద్రికి ఏవగింపుగానే ఉంది, చచ్చాక ఒప్పుకుంటే ఎవడిక్కావాలి. పొమ్మనబోతూ, ఆ రోజు మంచం మీద పడుకున్న మనిషి ముఖం గుర్తు తెచ్చుకోబోతాడు. రాదు. ఈయన టై గుర్తుంది, కళ్ళజోడు తుడిచిన చేతిరుమాలు గుర్తుంది. పద్దెనిమిదేళ్ళు ఈయన్ని తిట్టుకుంటూ గడిపాడే గానీ, ఆ రోగి ఏమయ్యాడని ఒక్కనాడూ అనుకోలేదు.

"ఆ మనిషి... బతికినాడా?"

రంగశాయి నోరు తెరుస్తాడు.

"టీ చల్లారిపోతంది," అంటోంది భార్య నారాయణమ్మ. మధ్యాహ్నపు ఎండ పడక్కుర్చీ కాళ్ళదాకా వచ్చింది. సింహాద్రి "ముసలోడు" అని గొణిగి లేవబోయి ఆగాడు. ఆయన కుడిచేతి మూడు వేళ్ళూ తన ఎడమ మణికట్టుని గట్టిగా అదిమిపెట్టి ఉన్నాయి. వాటి కింద కొట్టుకుంటోంది, కొట్టుకుంటోంది, ఒకటి తప్పింది. ఆయన వేళ్ళు తియ్యలేదు.